నాలుక లేని సన్నాయి

మొన్న మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. మా పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్ దాటి కాస్త ఎత్తు ఎక్కితేగానీ ఆ హాలు రాదు. మోకాళ్ళు వద్దంటున్నా దగ్గరివాళ్ళ పెళ్ళి కాబట్టి ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని ఎక్కాను. వేదిక పక్కన చెవికి పోగు, ముంజేతికి దారాలు ఉన్న ఒక యువకుడు పలకలాంటి కీబోర్డు ముందు నిలబడి ఏదో మీట నొక్కాడు, సన్నాయి మోగింది. అచ్చం సన్నాయే, ఆ జీర, ఆ వణుకు అన్నీ ఉన్నాయి. అయితే ఎంతసేపు చెవులప్పగించి విన్నా ఆ సన్నాయి ఒక్కసారీ ఊపిరి తీసుకోలేదు. తాళి కట్టడం అయింది, అక్షింతలు పడ్డాయి, ఆ అబ్బాయి ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు, పాట మాత్రం విప్పి వదిలేసిన కుళాయిలా వస్తూనే ఉంది. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని లేచి వరండాలోకి వచ్చేశాను. పెద్దమ్మకు ఆనందం పట్టలేక ఏడుపొచ్చిందని మా చెల్లెలి కూతురు అందరికీ చెప్పిందట. చెప్పనీ, పెళ్ళింట్లో చెప్పుకోవడానికి అంతకంటే మంచి మాట ఏముంటుంది.

అసలు సంగతి ఆనందం కాదు. అది మన ఈడు వాళ్ళకు చెబితేనే తెలుస్తుందని ఇలా కాగితం ముందు కూర్చున్నాను. నేను ఇక్కడి తెలుగు బడుల్లో పంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని, రాయడం అలవాటే. అయినా మా మనవలకు ఇది చూపిస్తే అర్ధరూపాయంత తెలుగు అక్షరాలు చూసి భయపడి చదివి వినిపించమంటారు, వినిపించడం మొదలుపెడితే రెండో వాక్యానికే ఎవడో ఒకడికి ఫోను వస్తుంది. వాళ్ళకు కాదులెండి, మీకే చెబుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా అయ్యవాళ్ళు విశాఖపట్నంలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. అయ్య అంటే మా నాన్న, మా పేటలో అందరం అలాగే పిలిచేవాళ్ళం. వలలతో పాటు, ఇలవేల్పు పీట మీది పసుపు ముద్దతో పాటు వాళ్ళు మేళాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. రోజూ చేసేది వేట, పెళ్ళిళ్ళ కాలం వస్తే మేళం. అయ్య సన్నాయి పాట పట్టేవాడు. మా అమ్మకు అన్న, అంటే మా మామయ్య, శ్రుతి పట్టేవాడు. శ్రుతి సన్నాయికి పాటంటూ ఉండదు, ఒకే స్వరం మొదటి నుంచి చివరి దాకా తెగకుండా ఊదుతూ ఉండాలి. బుగ్గల్లో గాలి దాచుకుని దాన్ని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. ఎవరూ అతని వైపు చూడరు, ఎవరూ శభాష్ అనరు, చదివింపుల రూపాయి కూడా పాట పట్టినవాడి జేబుకే గుచ్చుతారు. మామయ్యకు దాని మీద ఏ బాధా ఉండేది కాదు. ఆయనకు ఒక్కటే నియమం, పాట పట్టినవాడు సన్నాయిని ఒకసారి పైకెత్తి కిందికి దించితే శ్రుతి ఆపాలి, అంతవరకు ఇల్లు కాలిపోతున్నా ఆపకూడదు. ఆ సైగ చేసే హక్కు మేళంలో అయ్యకు తప్ప ఇంకెవరికీ లేదు.

సన్నాయి నోట్లో పెట్టుకునే చోట ఎండిన రెల్లుతో చేసిన రెండు పలచటి రేకులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. మా ఇంట్లో దాన్ని నాలుక అనేవాళ్ళం. చెక్క ఎంత మంచిదైనా, ఊదేవాడు ఎంత గట్టివాడైనా నాలుక బాగుంటేనే సన్నాయి పలికేది. మన ఊరి వైపు నుంచి ఎవరైనా ఓడలో వస్తుంటే బియ్యం తెమ్మని, ఊరగాయ తెమ్మని అందరూ చెప్పి పంపితే, మా అయ్య నాలుకలు తెమ్మని చెప్పి పంపేవాడు. ఈ దీవుల్లో వాన ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. తేమకు అవి ఉబ్బిపోయేవి, బూజు పట్టేవి, ఎండ తగిలితే పగిలిపోయేవి. పొగాకు డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి వాటిని అందులో దాచడం, వాయించే ముందు నీళ్ళలో నానబెట్టి అందివ్వడం నా పని. ఆ పని మా అన్నయ్యకు ఇవ్వలేదని వాడికి, నాకే ఇచ్చారని నాకు, ఇద్దరికీ గర్వమో ఉక్రోషమో చాలా ఏళ్ళు ఉండేవి. అన్నిటికంటే మంచి నాలుకను మాత్రం అయ్య ఎవరికీ ఇచ్చేవాడు కాదు, మైనపు గుడ్డలో చుట్టి తాడు కట్టి మెడలో వేసుకునేవాడు, సముద్రం మీదికి వెళ్ళినా అది ఆయన మెడలోనే ఉండేది.

ఇప్పుడు మా పేట కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో డుంగీలకు, అంటే మా చిన్న చెక్క పడవలకు, ఇంజన్లు లేవు, రేడియోలు లేవు. వాన ముంచుకొస్తే కొండలు కనిపించవు, హార్బరు నోరు ఎక్కడో తెలియదు. అలాంటప్పుడు మేళం మా రేవు పక్కనున్న నల్లరాయి మీద నిలబడి వాయించేది. డోలు చప్పుడు కొండకు కొట్టుకుని నాలుగు దిక్కుల నుంచీ వచ్చినట్టుంటుంది, శంఖం ఊదేవాడికి ఊపిరి చాలదు, దీపం వానలో కనబడదు. సన్నాయి గొంతు ఒక్కటే సూది గుచ్చినట్టు ఫలానా చోటి నుంచి వస్తోందని సముద్రం మీద వాళ్ళకు తెలుస్తుంది. వాయించే పాట కూడా ఎప్పుడూ ఒకటే, కొత్త కోడలు గడప దాటి ఇంట్లోకి వచ్చేటప్పుడు అయ్య వాయించే పాట. అది వింటే డుంగీల్లో వాళ్ళు చుక్కాని అటు తిప్పుకుని వచ్చేసేవారు. ఆకాశం అనుమానంగా ఉన్న రోజు అయ్య అందుకే వేట మానుకుని ఒడ్డున ఉండేవాడు. అందుకే హార్బరు చుట్టూ ఉన్న మన తెలుగు పేటలన్నిటికీ ఒక మాట ఉండేది, గాలి తిరిగి వాన కమ్మితే పెళ్ళి జరుగుతున్నా సరే అక్కడి సన్నాయి ఆపేయాలి, డోలు వాయించుకోవచ్చు, రాయి మీద సన్నాయి తప్ప ఒడ్డున ఇంకో సన్నాయి వినిపించకూడదు. ముహూర్తం సమయానికి సన్నాయి ఆగిపోయి ఉత్త డోలుతో తాళి కట్టించుకున్న ఆడవాళ్ళు మా పేటలో చాలామంది ఉండేవారు, దాన్ని ఎవరూ అపశకునం అనుకోలేదు.

మా అన్నయ్యకు సన్నాయి నచ్చలేదు. ఊళ్ళో ఒక బ్యాండు మేళం ఉండేది, అందులో క్లారినెట్ వాయించే మద్రాసు వైపు ముసలాయన దగ్గరికి పోయి దొంగతనంగా నేర్చుకున్నాడు. ట్రంపెట్లు అరుస్తాయి, పెద్ద బాకా గుర్రు పెడుతుంది, డ్రమ్ములు నడిపిస్తాయి, కానీ పాటలోని మాటను మాటలా పలికేది క్లారినెట్టే అని వాడు నాకు చెప్పేవాడు. దానికి మన సన్నాయిలా రెండు రేకులు ఉండవు, ఒకటే రేకు, దాన్ని రీడు అంటారు, ఇత్తడి పట్టీ వేసి మరలు బిగిస్తారు. వాడికి వచ్చిన పాటలన్నీ అయ్య పాటలే, వాటినే ఆ నల్ల గొట్టంలో పలికించేవాడు. వింటే నాకు ఒళ్ళు పులకరించేది, మా అమ్మ కూడా పొయ్యి ముందు నుంచి కదలకుండా వినేది. అయ్య మాత్రం ఒక్కనాడు కూడా కూర్చుని వినలేదు. వాడు క్లారినెట్ తీశాడంటే ఆయన వల భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు.

ఒకసారి పేట పెద్దలు కూర్చున్నప్పుడు, బ్యాండు వాళ్ళు కూడా పెళ్ళిళ్ళకు వస్తున్నారు గదా, ఆ గొట్టానికి కూడా మన కట్టుబాటు వర్తిస్తుందా అని ఎవరో అడిగారు. అయ్య నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

“అది సన్నాయి జాతి కాదు. కర్రగొట్టం. దానికి మన కట్టుబాటు ఏటుంటాది?”

అందరూ నవ్వారు. అన్నయ్య అక్కడే ఉన్నాడు, తల దించుకున్నాడు. ఆ మాట ఎగతాళికి అన్నదే అయినా అన్నది మేళం పెద్ద కాబట్టి అదే తీర్పయింది.

మా బావ సంగతి చెప్పలేదు. మామయ్యకు ఒక్కడే కొడుకు. నేను పుట్టినప్పుడే మా ఇద్దరికీ ముడిపెట్టేశారు, మన వైపు అది మామూలేగా. నాకు నోరెక్కువ, అతనికి నవ్వెక్కువ. శ్రుతి పట్టేవాడి కొడుకై ఉండి ఒక్క స్వరం సరిగ్గా పలికించలేకపోయేవాడు, బొప్పాయి కాడ కోసి దానికి చీలిక పెట్టి బూర చేసి మా అన్నయ్య క్లారినెట్‌ను వెక్కిరిస్తూ మా కిటికీ దగ్గర ఊదేవాడు. బొప్పాయి పాలు అంటుకుని పెదవి దురద పెడుతుంటే గోక్కుంటూ నిలబడేవాడు, నేను నవ్వితే మళ్ళీ ఊదేవాడు. ఆ వానలు వెళ్ళాక మా పెళ్ళి చేద్దామనుకున్నారు, చీర కూడా తెచ్చి పెట్టెలో పెట్టారు.

ఆ వానాకాలంలోనే ఒకనాడు అది జరిగింది. అన్నయ్య బ్యాండుతో ముందు రోజే హార్బరు అవతలి ఒడ్డుకు, హోప్ టౌన్‌కు పెళ్ళికి వెళ్ళాడు. అయ్యకు నడుము పట్టేసింది, వేటకు వెళ్ళనని వాడితో చెప్పాడు. తెల్లవారి చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, సూర చేపలు పడుతున్నాయని బావ పరుగున వచ్చి చెప్పాడు, ఒక్కడినీ పంపడం ఇష్టం లేక అయ్య లేచి తానూ డుంగీ ఎక్కాడు. ఈ సంగతి అవతల ఉన్న అన్నయ్యకు తెలిసే దారి లేదు. మిగతా డుంగీలు తొందరగానే తిరిగొచ్చేశాయి, వీళ్ళది రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఉత్తరం నుంచి గాలి తిరిగింది, చూస్తుండగానే ఎదురుగా ఉన్న కొండ కనబడకుండా పోయింది. అంత వాన మీదికి వస్తుంటే మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

మామయ్య శ్రుతి తీసుకుని రాయెక్కాడు. పాట పట్టేవాడు సముద్రం మీద ఉన్నాడు, ఒడ్డున మిగిలింది ఒక్క శ్రుతే. పాట లేని శ్రుతిని దూరం నుంచి వింటే గాలి హోరుకూ దానికీ తేడా తెలియదు. ఆ సంగతి మామయ్యకు మా అందరికంటే బాగా తెలుసు, అయినా ఊదడం మొదలుపెట్టాడు. గాలి ఎదురుగా కొడుతోంది, ఆయన ఊదింది ఊదినట్టు వెనక్కి తిరిగి కొండకు తగిలి మా మీదికే వచ్చేది. నేను కింద నిలబడి ఆయన బుగ్గలు నిండడం, తగ్గడం చూస్తున్నాను. అప్పుడే ఆ వానలోంచి, అవతలి ఒడ్డు వైపు నుంచి, సన్నగా, స్పష్టంగా మా అయ్య పాట వినిపించింది.

ఒక్క క్షణం నాకు సంతోషమే కలిగింది. అయ్య వచ్చేశాడు, పాట పట్టాడు అనుకున్నాను. తర్వాతే తెలిసింది. అది క్లారినెట్. హోప్ టౌన్‌లో కోడలు గడప దాటుతోంది, మా అన్నయ్య అయ్య దగ్గర నేర్చుకున్న పాటను అయ్య వాయించినట్టే వాయిస్తున్నాడు. సన్నాయి అయితే ఆపేవాడు, వాడు కట్టుబాటు తప్పే మనిషి కాదు. తన చేతిలో ఉన్నది సన్నాయి జాతి కాదని తండ్రే పదిమందిలో చెప్పాడు, తండ్రి ఇంట్లో పడుకుని ఉన్నాడని నమ్ముతున్నాడు. ఇంక ఎందుకు ఆపుతాడు? గాలి అటునుంచే వీస్తోంది కాబట్టి ఆ పాట నేరుగా సముద్రం మీదికి, అయ్య చెవుల్లోకి వెళ్తుంది. హార్బరు నోట్లో ఆ వైపంతా నీటి మట్టానికి రాళ్ళు.

జెట్టీకి పరిగెత్తాను. ఎలా పరిగెత్తానో, దారిలో ఎన్నిసార్లు పడ్డానో తెలియదు. లాంచీ కట్టేసి ఉంది, నడిపే అతను టార్పాలిన్ కింద బీడీ కాలుస్తున్నాడు. అతను ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మన భాష, హిందీ రెండూ కలిపి మాట్లాడేవాడు. హోప్ టౌన్ తీసుకెళ్ళమని, బ్యాండు ఆపించాలని, మా అయ్య, మా బావ నీళ్ళ మీద ఉన్నారని కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. బ్యాండు ఆపడానికి లాంచీ ఎందుకో అతనికి అర్థం కాలేదు, పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు, పాపం మర్యాదగానే చెప్పాడు.

“దీదీ, ఈ హవాలో లాంచీ తీస్తే నాను, నువ్వు ఇద్దరం పోతాం. జరా ఆగు, బారిష్ తగ్గనీ, తీస్కెల్తాను.”

జెట్టీ చివర నిలబడి అన్నయ్యను పేరు పెట్టి పిలిచాను. గొంతు చిరిగిపోయేదాకా పిలిచాను. నా అరుపు నా మొహం మీదికే తిరిగొస్తుంటే అవతలి నుంచి పాట మాత్రం హాయిగా వస్తూనే ఉంది. నా జీవితంలో నేను అంతగా అసహ్యించుకున్నది ఏదీ లేదు, అంత అందంగా వాయించింది కూడా వాడు ఆ రోజే.

తిరిగి రాయి దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఇంట్లోంచి అయ్య సన్నాయి, నా పొగాకు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. ఆడవాళ్ళు సన్నాయి నోట పెట్టరన్న మాట ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

“ఏదో ఒకటి పలికించవే గుంటా,” అంది అమ్మ. “పాట రాపోతే మాన్లే. గొంతు ఇనబడితే సాలు.”

డబ్బా విప్పాను. బియ్యమంతా తేమకు ముద్ద కట్టింది. మొదటి నాలుక బూజు పట్టి మెత్తగా అయిపోయింది, ఊదితే ఉత్త గాలి వచ్చింది. తర్వాతది పగిలి ఉంది. ఇంకోటి నోట్లో పెట్టుకుని తడిపాను, నానడానికి కాసేపు పడుతుందని నాకు తెలుసు, ఆ కాసేపు ఎక్కడి నుంచి తేను? నానకుండానే ఊదితే బాతు అరిచినట్టు ఒక్క కూత కూసి నిలువునా చీలిపోయింది. డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీశాను, పెట్టాను, ఊదాను, పారేశాను. ఏదీ పలకలేదు. పలికే నాలుక అయ్య మెడలో ఉంది. మామయ్య శ్రుతి ఆపకుండానే కళ్ళు తిప్పి నన్ను చూశాడు, ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. నాలుక లేని సన్నాయిని గుండెలకు హత్తుకుని ఆ రాయి కింద కూలబడ్డాను. పెద్దవాళ్ళు మొక్కులు మొక్కుతున్నారు, నేను దేవుణ్ణి కూడా పిలవలేకపోయాను, ఆ పాట ఒక్కటి ఆగిపోతే చాలనుకుంటూ చెవులు మూసుకున్నాను.

పాట ఆగింది. ఎప్పుడు ఆగిందో కూడా నాకు తెలియలేదు. ఆ తర్వాత వాన తగ్గింది, కొండ కనిపించింది, సముద్రం ఏమీ ఎరగనట్టు తెల్లగా పరుచుకుంది. దాని మీద డుంగీ లేదు. మామయ్య ఊదుతూనే ఉన్నాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. ఎవరో దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు, ఆయన చెయ్యి విదిలించుకుని ఇంకా గట్టిగా ఊదాడు. ఆపమని చెప్పగలిగిన మనిషి అక్కడ లేడు గదా.

వాన తగ్గాక అవతలికి వెళ్ళిన లాంచీ పొద్దు వాలే ముందు తిరిగొచ్చింది. అన్నయ్య భుజం మీద వాలి అయ్య దిగాడు. రాళ్ళలో చిక్కుకున్న ఆయన్ని హోప్ టౌన్ వాళ్ళు తాళ్ళు వేసి లాగారట, ఉప్పునీళ్ళు ఊపిరితిత్తుల నిండా తాగి ఉన్నాడు, అడుగుకోసారి దగ్గుతున్నాడు. బావ లేడు. అన్నయ్య మొహం చూస్తే వాడూ బతికి ఉన్నట్టు లేడు. తర్వాతెప్పుడో అయ్య ఒకే ఒక్కసారి చెప్పాడు, వానలో తనకు రెండు వైపుల నుంచీ ఏదో వినిపించిందట, ఎటు తిప్పాలో తేల్చుకోలేకపోతే బావ నవ్వి, నీ పాట నీకే తెలీదేటి మావా, అన్నాడట. తన పాటే కదా అని అయ్య చుక్కాని ఆ పాట వైపు తిప్పాడు. కొడుకు క్లారినెట్‌ను ఒక్కరోజు కూర్చుని విని ఉంటే ఆ గొంతు వేరని తెలిసి ఉండేది. అది ఆయనా అనలేదు, మేమూ అనలేదు, చచ్చేదాకా ఆయన మొహం మీదే రాసి ఉండేది.

లాంచీ దిగిన మనిషి ఇంటికి రాలేదు, నేరుగా రాయి దగ్గరికి నడిచాడు. మామయ్య చూశాడు. అయ్యను చూశాడు, అన్నయ్యను చూశాడు, వాళ్ళ వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని లాంచీ వైపు చూశాడు. శ్రుతి ఆపలేదు. కళ్ళు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. అయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆయన నా వైపు చెయ్యి చాపేదాకా నా ఒడిలో సన్నాయి ఉందన్న సంగతే నేను మర్చిపోయాను. ఇవ్వకూడదనిపించింది. ఇస్తే ఏం చేస్తాడో నాకు తెలుసు, అది చేశాక ఇంక బావ రాడు. అయినా ఇచ్చాను. అయ్య ఆ నాలుక లేని సన్నాయిని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తి కిందికి దించాడు. మామయ్య కళ్ళు తెరవలేదు. అయ్య ఇంకోసారి ఎత్తాడు, ఆ సన్నాయిని అలా పట్టుకునే ఉండి, నెమ్మదిగా దించాడు. మామయ్య కళ్ళు తెరిచి చూశాడు. బుగ్గల్లో మిగిలిన గాలి అయిపోయేదాకా ఊది, శ్రుతిని నోటి నుంచి తీసి, అక్కడే కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో అలల చప్పుడు అంత పెద్దదని నాకు మొదటిసారి తెలిసింది. ఆ క్షణంలో నా కన్నతండ్రిని క్షమించలేననుకున్నాను.

బావ దొరకలేదు, డుంగీ చెక్కలు కొన్ని కొట్టుకొచ్చాయి. అయ్యకు ఆ తర్వాత ఊపిరి నిలవలేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాడు, సన్నాయి మాట ఇంక చెప్పాలా. అన్నయ్య క్లారినెట్ ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టెలో పడేసి, కూలి పనికి పోవడం మొదలుపెట్టాడు. ఎవరితో మాట్లాడేవాడు కాదు, తిండి తింటున్నాడో లేదో అమ్మ వాడి కంచం చూసి తెలుసుకునేది. వాణ్ణి తిట్టాలని నాకు ఉండేది, వాడి మొహం చూస్తే నోరు వచ్చేది కాదు. మామయ్య మా గడప తొక్కలేదు. పేటంతా రెండిళ్ళూ విడిపోయినట్టే అనుకుంది.

మళ్ళీ వానలు వచ్చాయి. ఒకరోజు డుంగీలు నీళ్ళ మీద ఉండగా గాలి తిరిగింది. రాయి మీద పాట పట్టేవాడు లేడు. నేను వాకిట్లో నిలబడి ఉంటే మామయ్య చంకలో శ్రుతితో మా ఇంటికి వచ్చాడు, ఎవరినీ పలకరించకుండా అన్నయ్య ముందు నిలబడ్డాడు.

“నీ గొట్టం తియ్యి అల్లుడూ. మీ అయ్యకి ఊపిరి సాల్దు. నాను శ్రుతి పడతాను, నువ్వు పాట పట్టు.”

“నా వల్ల కాదు మావా,” అన్నాడు అన్నయ్య. “నా వల్లే గదా…”

“ఆడ ఊదినావు, ఆడు పోనాడు. ఈడ ఊదు, మిగిలినోళ్ళొస్తారు. లెగు.”

అన్నయ్య చేతులు ఆడకపోతే రీడు నేనే నానబెట్టి బిగించి ఇచ్చాను. ఇద్దరూ రాయెక్కారు. కొడుకును పోగొట్టుకున్నవాడూ, పోగొట్టినవాడూ భుజాలు ఆనించి నిలబడి ఆ పాటే వాయించారు, వానకు వాళ్ళ మొహాల మీద ఏది నీళ్ళో ఏది కన్నీళ్ళో తెలియలేదు. డుంగీలు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. అన్నీ వచ్చాక అన్నయ్య క్లారినెట్ పైకెత్తి దించాడు, మామయ్య శ్రుతి ఆపాడు. గుమ్మంలో కూర్చున్న అయ్య ఆ రోజు లేచి వెళ్ళలేదు, మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. అప్పటి నుంచి కట్టుబాటులో క్లారినెట్ కూడా చేరింది. ఎన్నో ఏళ్ళు వాళ్ళిద్దరే రాయెక్కారు, ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

నాకు తర్వాత పెళ్ళయింది. డిగ్లీపూర్ దగ్గర పొలం చేసుకునే మంచి మనిషి, అక్కడే బడిలో చేరాను, రోజంతా పట్టే ప్రయాణాలు చేసి పండగకో పురుడుకో వచ్చేదాన్ని. పెట్టెలోని ఆ చీరను మా చెల్లెలు కట్టుకుంది. మా ఆయనా ఇప్పుడు లేడు, అయ్య, అమ్మ, మామయ్య, అన్నయ్య, ఎవరూ లేరు. అయ్య పోయినప్పుడు ఆయన మెడలోని తాడు తీసి ఆ మైనపు గుడ్డ నేనే విప్పాను, నాలుక ఉప్పు పట్టి నల్లబడి ఉంది, అయ్యతో పాటే పంపేశాను. పేటలో ఇప్పుడు అన్నీ ఇంజన్ల బోట్లు. మా చెల్లెలి మనవడు వేటకు వెళ్తాడు, ఎంత వాన కమ్మినా దారి ఫోనులో చుక్కలా కనబడుతుందట, వాళ్ళమ్మ ఇంట్లో కూర్చుని సీరియల్ చూస్తూ అన్నం వండుతుంది. రాయి మీద చేపలు ఆరబెడుతున్నారు. ఒడ్డున నిలబడి ఎవరి కోసమైనా ఎదురు చూసే మనిషే లేడు.

మన రోజులే మేలని మనవాళ్ళు నలుగురు చేరితే అనుకుంటాం, నేనూ అంటాను. మొన్న హాలు వరండాలో నిలబడి ఆ ఊపిరి లేని సన్నాయి వింటుంటే మొదట కోపమే వచ్చింది, నిజం. మామయ్య బుగ్గలు, చిట్లిన పెదవి గుర్తొచ్చి, ఆ అబ్బాయిని అక్కణ్ణుంచి బయటికి పంపేద్దామా అనిపించింది. తలుపులోంచి చూస్తుంటే కాసేపటికి అతని చేతిలోని ఫోను వెలిగింది, అతను చూసి నవ్వుకున్నాడు, ఆ నవ్వు మా బావ నవ్వులా ఉంది. నా చెయ్యి నాకు తెలియకుండానే కాస్త పైకి లేచి కిందికి దిగింది. ఎవరూ చూడలేదు, పాటా ఆగలేదు. ఆగకపోతే మాత్రం నష్టమేముంది అనుకున్నాను. ఆ చిన్న ఫోను ఆనాడు డుంగీలో ఉంటే మా సన్నాయి, మా క్లారినెట్, మా రాయి, మా కట్టుబాటు అన్నీ అప్పుడే పోయినా నేను ఏడ్చేదాన్ని కాదు. సన్నాయికి ఊపిరి లేకపోతే పోయె, మా బావకు ఉండేది.